విరామమా, మరుపా?

కిందటి వారం గుసగుసమ్మను నిండు సభలో నిలబెట్టి మనం చక్కా వచ్చేశాం. పాపం, ఆమెకు మాత్రం తెల్లారేదాకా కన్ను మూతపడలేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. పాతవాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టండి, కిందటిసారి నేను చెప్పడం మరిచిపోయిన సంగతి ఒకటుంది.

గుసగుసమ్మ నాటకాల కంపెనీలో ప్రాంప్టర్. అంటే స్టేజీకి ఎడమ వైపు తెర పక్కన స్టూలు వేసుకుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, నటుడు మాట మరిచిపోగానే ఆ వాక్యంలో మొదటి రెండు మాటలు గుసగుసగా అందించే మనిషి. రెండే. మూడో మాట కూడా అందించాల్సి వచ్చిందంటే నటుడికి నామోషీ, ప్రాంప్టర్‌కి తలవంపులు. అలా వయసంతా ఊరందరి మాటలూ అందించి, సొంత గొంతు ఎలా ఉంటుందో తనే మరిచిపోయే వేళకు థియేటరు మూతపడింది. ఇప్పుడందులో సోఫాల షోరూము ఉంది. అప్పట్నుంచీ ఆమె దేవుణ్ణి అడుగుతూనే ఉంది, నన్నెందుకు పుట్టించావు, ఇప్పుడేం చేయమంటావు అని. దేవుడు ఉలకలేదు, పలకలేదు.

ఇక నేను మింగేసిన సంగతి. నటుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగాడంటే, మరిచిపోయి ఆగి ఉండాలి, లేదా కావాలని ఆగి ఉండాలి. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా ఉంటాయి. కావాలని తీసుకున్న విరామాన్ని మరుపనుకుని ప్రాంప్టర్ మాట అందించిందో, ఇంటర్వెల్లో గ్రీన్‌రూమ్ కప్పు ఎగిరిపోతుంది. అందుకే ఆ కంపెనీలో ఒక ఏర్పాటు ఉండేది. కావాలని ఆగిన నటుడు ఎడమ చేతి బొటనవేలితో చూపుడువేలిని మెల్లగా రుద్దుతాడు, చిటికెడు ఉప్పు నలుపుతున్నట్టు. "గుర్తుంది, ఆగు" అని దానర్థం. రుద్దడం ఆపాడంటే మాట వచ్చేస్తోందన్నమాట. స్టేజీ ముందు కూర్చున్నవాళ్ళకు అది కనబడదు. తెర పక్కన కూర్చున్న ఒక్క మనిషికే కనబడుతుంది.

ఆ సైగ కనిపెట్టింది రాజుగారు. ఆయన నిజం రాజేమీ కాదు, ఎప్పుడూ రాజు వేషమే వేసేవారు కనక ఆ పేరు అంటుకుపోయింది. నటనలో ఆయనకు ఆయనే సాటి. మర్యాదలో మాత్రం ఎవరితోనూ పోటీ పడలేదు. రిహార్సల్లో మాట తట్టకపోతే తల కూడా తిప్పకుండా "తర్వాత?" అనేవారు. ఆమె అందించేది, ఆయన అందుకునేవారు. ఇన్నేళ్ళలో ఆమెతో ఆయన నేరుగా మాట్లాడిన మాట అదొక్కటే. ఆ "తర్వాత?" వినబడినప్పుడల్లా గుసగుసమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. థియేటరు మూతపడ్డాక ఆయన ఎటు పోయారో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని అనుకోనూ లేదు.

తర్వాత ప్రార్థన మందిరం పెద్దయ్యకు మతిమరుపు మొదలవడం, ఆయన ప్రసంగం చేసేటప్పుడు అందించడానికి గుసగుసమ్మను స్తంభం చాటున కూర్చోబెట్టడం మీకు తెలిసిందే. మనకు కిందటి వారం, వాళ్ళకు నిన్న, పెద్దయ్య ఊరి చివర మందిరంవాళ్ళు నడిపే గృహం గురించి చెప్పారు. జబ్బుతో మాట పడిపోయినవాళ్ళు ఉండే గృహం అది. వాళ్ళ దగ్గర ఉండే ఆవిడ వెళ్ళిపోయింది, నర్సమ్మ ఒక్కతే మిగిలింది, వేరే మనిషి దొరకలేదు. "దేవుడు అడుగుతున్నాడు. వాళ్ళ దగ్గరికి ఎవరు వస్తారు?" అని పెద్దయ్య ఆగారు. జనం గుండెలు పట్టుకుని ఆలోచించాలని, కావాలనే ఆగారు. కానీ పెద్దయ్యకు వేలు రుద్దే సైగ తెలియదు కదా! మరిచిపోయారనుకుంది గుసగుసమ్మ. కాగితంలో తర్వాతి వాక్యం "నేను వస్తాను అని మీలో ఒక్కరంటే చాలు". ఆమె తన పద్ధతి ప్రకారం మొదటి రెండు మాటలే అందించింది.

"నేను వస్తాను."

పాటలు పాడేవాళ్ళ కోసం కొత్తగా తెచ్చిన మైకు సరిగ్గా ఆమె మూతి ముందుంది. అది ఆన్‌లో ఉంది. సభంతా ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టి, ఆ పైన లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

*

"ఇందులో ఆలోచించడానికేముందక్కా? నోరు జారిందండీ అని చెప్పి వచ్చెయ్" అన్నాడు తమ్ముడు, ఒక కాలికి బూటు వేసుకుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతూ. సోఫాల షోరూములో సేల్స్‌మన్ అతను. అక్కకు అక్కడే బిల్లు కౌంటరులో పని మాట్లాడిపెట్టాడు. ఔనో కాదో సాయంత్రానికల్లా చెప్పాలి.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు కదరా."

"అది తిట్లకి. దీనికి వర్తించదు."

మరదలు వంటింట్లోంచి తొంగిచూసి పకపకా నవ్వింది. "మా వదిన నోరు జారడం కూడానా! నేను ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది, ఆవిడ గట్టిగా మాట్లాడగా వినలేదు. కూరలో ఉప్పు తక్కువైందని కూడా నా చెవిలో చెప్పి వెళ్తారు. అలాంటిది మైకులో! ఏమో బాబూ, దేవుడే పలికించాడేమో."

"నువ్వు ఇంకాస్త ఎగదొయ్యి" అన్నాడు తమ్ముడు. "అక్కా, నీకు ఇంజెక్షను చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అక్కడ అందరూ రోగులు. ఏం చేస్తావు వాళ్ళకి? ఏ చదువుందని? వాళ్ళు మాట్లాడలేరు, నువ్వు మాట్లాడవు. జోడీ బాగానే కుదిరింది!"

గుసగుసమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తమ్ముడు అన్నదాంట్లో అబద్ధమేముంది? ఏ పనికీ పనికిరాని మనిషిని అని ఆమె రోజూ దేవుడి దగ్గర మొత్తుకునే మాటే వాడు బూటు లేసు కట్టుకుంటూ అనేశాడు.

బయట సన్నగా వాన పడుతోంది. గొడుగు వేసుకుని వీధిలోకి వచ్చిందో లేదో, మందుల షాపాయన బల్ల మీంచి ముందుకు వంగి నమస్కారం పెట్టాడు. "ఎంత మనసమ్మా మీది! నిన్న మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది." మలుపులో కుట్టుమిషను ఆవిడ సూదిలో దారం వదిలేసి లేచి నిలబడింది. "మేమంతా తల దించుకుని కూర్చున్నాం, మీరొక్కరే అన్నారు." ఒక్కో పొగడ్తకూ గుసగుసమ్మ తల గొడుగులోకి ఇంకాస్త దూరింది. ఎవరో మరిచిపోయిన గొడుగు తన దగ్గర ఉండిపోయి, అందరూ దాన్ని చూసి ఎంత బాగుందో అంటున్నట్టుంది ఆమెకు. ఇక దాచలేననుకుంది. పెద్దయ్యకు అసలు సంగతి చెప్పేసి, కౌంటరులో చేరిపోతే గొడవ వదిలిపోతుంది. ఆమె నడక పరుగైంది.

*

పెద్దయ్య మందిరం వెనక గదిలో కళ్ళజోడు కోసం వెతుక్కుంటున్నారు. అది ఆయన నెత్తి మీదే ఉంది.

"పెద్దయ్యగారూ, నిన్న నేనన్న మాట..."

"రామ్మా, రా. కూర్చో. కళ్ళజోడు కనబడిందా?"

"మీ తల మీదుంది. పెద్దయ్యగారూ, నిన్న నేనన్న మాట నా మాట కాదు." గుసగుసమ్మ నిలబడే ఉంది, ఊపిరి అందడం లేదు. "మీరు మరిచిపోయారనుకున్నాను. మీ కాగితంలో ఉన్నదే అందించాను. మైకు ఉందని చూసుకోలేదు. నాకు ఇష్టముండి అన్నది కాదది. ఊరంతా నన్ను పొగుడుతోంది. నేను మోసగత్తెనైపోయాను."

పెద్దయ్య కళ్ళజోడు దించి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని ఆమెను పరకాయించి చూశారు. "నాకు తెలుసమ్మా. కాగితం రాసింది నేనే కదా."

గుసగుసమ్మ నోట ఈసారి మాట గుసగుసగా రాలేదు.

"తెలుసా! తెలిసి నన్నలా వదిలేశారా? అప్పుడే ఒక్క మాట చెప్పేస్తే పోయేది కదండీ!"

"చెబుదామనే నోరు తెరిచాను" అన్నారు పెద్దయ్య, తప్పు చేసిన పిల్లాడిలా. "చప్పట్లు విని నిజంగానే మరిచిపోయాను, ఏం చెప్పాలో. నీ వైపు చూశాను. అసలు కావలసినప్పుడు నువ్వు అందించలేదు."

గుసగుసమ్మ కోపం కాస్తా మధ్యలో చతికిలబడింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది గానీ భుజాలు ఆగలేదు. పెద్దయ్య కూడా నవ్వారు. నవ్వి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఒక మాట విను. సాయంత్రం సభ ఉంది. అందరి ముందూ నేనే చెబుతాను, అది పొరపాటని. నీ మీద మాట రానివ్వను. దేవుడికి పొరపాటున దొరికినవాళ్ళు అక్కర్లేదమ్మా. ఆయన ఎవర్నీ చెయ్యి పట్టి లాక్కెళ్ళడు. పిలుస్తాడు, అంతే. ఇష్టపడి వచ్చినవాళ్ళే ఆయనకు కావాలి. నీకు ఇష్టం లేదంటే ఇంతటితో సరి."

సరి అనేసి వచ్చేయాల్సిన మనిషి. దాని కోసమే కదా పరుగెత్తుకొచ్చింది! కానీ గుసగుసమ్మ కాళ్ళు కదల్లేదు. "ఇష్టం ఉందో లేదో నాకే తెలియకపోతే?" అంది. "ఇన్నాళ్ళు అడిగాను, పెద్దయ్యగారూ. నాకేం పని పెట్టావు అని. ఒక్కసారీ జవాబు లేదు. ఆయన నన్ను మరిచిపోయాడు. మరిచిపోయినవాడు ఇప్పుడు పిలిచాడంటే ఎలా నమ్మను? పిలిచింది నన్నేనని ఏమిటి నమ్మకం? నాకు చేతనైంది ఒకటే పని, ఆ పనికి చోటే లేదు."

పెద్దయ్య లేచి, మూలనున్న గొడుగు తీసుకున్నారు. "నేనిప్పుడు ఆ గృహానికే వెళ్తున్నాను. వచ్చి చూడు. చూడడానికి ఇష్టం కూడా అక్కర్లేదు, కాళ్ళకు చెప్పులుంటే చాలు."

ఇద్దరూ వానలో బయలుదేరారు. బస్సులో గుసగుసమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తమ్ముడికి ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటూనే ఉంది. బిల్లు కౌంటరు మంచిదే. ఫ్యాను కింద పని, కుర్చీ ఉంటుంది, ఎవరి మాటా ఎవరికీ అందించనక్కర్లేదు. ఆ ఆఖరి సంగతి తలుచుకోగానే కూడబలుక్కున్న మాటలు అక్కడే ఆగిపోయాయి.

*

గృహం అంటే ఒక పొడుగాటి హాలు. ఒక వైపంతా కిటికీలు, వాటి కింద వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా నీళ్ళ సీసా, మడత పెట్టిన తువ్వాలు. డెట్టాలు వాసన. గుసగుసమ్మ ముందు చూసింది సూదులున్నాయేమోనని. లేవు. కొంచెం ధైర్యం వచ్చింది.

చివరి కిటికీ దగ్గర ఆ నర్సమ్మ బొమ్మల అట్టలు పట్టుకుని, చక్రాల కుర్చీలో ఉన్న మనిషితో మాటలు పలికించే ప్రయత్నంలో ఉంది. ఆ మనిషి వీపు మాత్రమే కనబడుతోంది.

"ఇదేంటి తాతగారూ? చెప్పండి. క... క... కప్పు! కప్పు అనండి. సరే, ఇది? గొ... గొడుగు! ఊఁ, గొడుగు!" పెద్దయ్యను చూసి ఆమె అట్టలు దించింది. దయగల మొహం, నిద్ర చాలని కళ్ళు. "వచ్చిన రోజు నుంచీ ఒక్క మాట లేదండీ. కుడి వైపు పడిపోయింది. వింటారు, తింటారు. మాట మాత్రం పూర్తిగా పోయింది. మేమే అన్నీ చెప్పి వినిపిస్తున్నాం. పైగా ఆ ఎడమ చెయ్యి చూశారా, మాట్లాడించబోతే చాలు, వణుకు మొదలవుతుంది."

గుసగుసమ్మ ముందు ఆ మెడ చూసింది. నిటారుగా, ఎవరికీ వంగనని మొండికేసిన మెడ. తెర పక్కనుంచి ఏళ్ళ తరబడి చూసిన మెడ! అడుగు పక్కకు వేసి మొహం చూసింది. సగం వాలిపోయిన మొహం, మాసిన గడ్డం. కిరీటం లేదు, సిల్కు ఉత్తరీయం లేదు, గళ్ళ దుప్పటి ఉంది.

రాజుగారు.

"అయ్యో" అంది గుసగుసమ్మ. ఇన్నేళ్ళ మంటా ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

నర్సమ్మ ఇంకో అట్ట ఎత్తింది. "ఇది చెప్పండి. త... తలు... తలుపు!" గుసగుసమ్మ చూపు అప్పుడు ఆయన ఎడమ చేతి మీద పడింది.

బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా కదులుతోంది. చిటికెడు ఉప్పు నలుపుతున్నట్టు.

గుసగుసమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. "ఆపండి!" అంది. హాలు మొత్తం వినబడింది. అటు మంచంలో ముసలావిడ తల తిప్పి చూసింది. "అమ్మా, దయచేసి మీరు చెప్పకండి. అది వణుకు కాదు! ఆయన మరిచిపోలేదు! గుర్తుంది, ఆగమంటున్నారు. ఇన్నాళ్ళూ ఆగమనే చెబుతున్నారు!"

నర్సమ్మ అట్ట దించింది. "ఆగమనా?"

"మీరు ప్రేమగా అందించేస్తున్నారు. ఆయనకేమో టైము కావాలి. ఎంత కావాలో అంత." ఆమె మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "నాకు తెలుసు. నేను ఈయన ప్రాంప్టర్‌ని!"

గోడ పక్కనున్న స్టూలు లాక్కుని రాజుగారికి ఎడమ వైపు వేసుకుని కూర్చుంది. అది ఆమె చోటు. ఆయన కన్ను ఒకటి ఆమె వైపు తిరిగింది, తిరిగి అక్కడే నిలిచిపోయింది. కంటి కొనలో నీళ్ళు ఊరాయి. వేలు రుద్దడం మాత్రం ఆగలేదు.

గుసగుసమ్మ కాచుకుంది. ఆమెకు చేతనైంది అదే, దాంట్లో ఆమెను మించినవాళ్ళు లేరు. కిటికీ అద్దం మీద వాన చినుకులు జారుతున్నాయి. పక్క మంచాల నుంచి చూపులన్నీ ఇటే ఉన్నాయి. వాళ్ళలో ఇంకెంతమంది నోటి చివర మాట పెట్టుకుని కూర్చున్నారో! ఇంకెన్ని మాటలు వాళ్ళ నోటి నుంచి రాకముందే ఎవరెవరో చెప్పేశారో! చోటు లేదనుకుంది కదా తన పనికి. హాలు నిండా ఉంది పని.

అప్పుడు తట్టిందామెకు. థియేటరుకు తాళం పడిన రోజు నుంచీ దేవుడు తనను మరిచిపోయాడని ఏడ్చింది. విరామాన్ని మరుపనుకోవడం ప్రాంప్టర్ చేయకూడని ఒకే ఒక్క తప్పు. ఆ తప్పు నిన్న పెద్దయ్య దగ్గర ఒకసారి చేసింది. దేవుడి దగ్గర రోజూ చేసింది. ఆయన మరిచిపోలేదు, ఆగాడు. ఆమెకు సంతోషం పట్టలేకుండా ఉంది. భయమూ ఉంది, ఎక్కడికీ పోలేదు. చదువు లేదన్న తమ్ముడి మాటా చెవిలోనే ఉంది. అయినా సరే, లేచి వెళ్ళిపోవాలని లేదు. ఈ స్టూలు మీంచి ఎవరు లేపినా లేవాలని లేదు.

వెనక నుంచి పెద్దయ్య నెమ్మదిగా అడిగారు. "అమ్మా, సాయంత్రం సభలో పొరపాటని చెప్పమంటావా?"

ఆమె ఆయన వైపు తిరగలేదు. ఆ వేళ్ళ మీంచి చూపు తీయలేదు.

"మీరేం చెప్పకండి పెద్దయ్యగారూ. నేనే చెబుతాను. నిన్నటిది పొరపాటని చెబుతాను." ఊపిరి పీల్చుకుంది. ఎవరూ అందించని మాట, ఏ కాగితంలోనూ లేని మాట, కావలసినంత గట్టిగా అంది. "ఇవాళ్టిది కాదని చెబుతాను. నేను వస్తాను."

బొటనవేలు ఆగిపోయింది.

నర్సమ్మ అట్టను గుండెకు హత్తుకుంది. రాజుగారి ఎడమ దవడ కదిలింది. పెదవి ఒక పక్క వణికింది, గొంతులోంచి ఏదో గీరుకుంటూ పైకి వచ్చింది, జారిపోయింది, మళ్ళీ వచ్చింది. గుసగుసమ్మ నాలుక చివరిదాకా వచ్చిన సాయాన్ని పళ్ళ బిగువున ఆపుకుంది.

"త..." అన్నారు రాజుగారు. నర్సమ్మ చేతిలోని తలుపు బొమ్మ వైపు ఆయన చూడలేదు. తల తిప్పారు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ప్రాంప్టర్ మొహంలోకి సూటిగా చూశారు.

"తర్... వాత?"

గుసగుసమ్మ అలవాటు కొద్దీ ఒళ్ళోకి చూసుకుంది. ఒళ్ళో పుస్తకం లేదు.